అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎవరు ఏ స్థానంలో ఆడాలో నిర్ణయించినది శరీరమా, వర్ణమా?

బ్రాడీపేట పి.ఇ.టి. (గుంటూరు) అడిగిన ప్రశ్న:

నేను గుంటూరులో ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా అక్కయ్య కొడుకు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు అంటించిన పిచ్చి వల్ల కొన్నేళ్లుగా అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు చూస్తున్నాను. ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మనకు సోమవారం తెల్లవారుజామున అయిదు గంటలకు మొదలవుతుంది కనుక, బడికి బయలుదేరే లోపు ఆట ఇంచుమించు పూర్తిగా చూడవచ్చు. నియమాలన్నీ అర్థమయ్యాయి గాని ఒక్క విషయం మాత్రం కొరుకుడు పడడం లేదు.

మైదానంలో ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క వర్ణం కేటాయించినట్లు కనిపిస్తోంది. బంతి అందుకోబోయే ప్రత్యర్థిని అంటిపెట్టుకుని పరుగెత్తే కార్నర్‌బ్యాక్‌లు దాదాపు అందరూ నల్లజాతి వారే. బంతిని కాలితో తన్నే కిక్కర్లు, పంటర్లు దాదాపు అందరూ శ్వేతజాతి వారే. జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో పాత వీడియోలన్నింటిలోనూ శ్వేతజాతి వారే కనిపిస్తారు. కాని 2023 ఫిబ్రవరిలోనూ, మళ్లీ 2025 ఫిబ్రవరిలోనూ జరిగిన సూపర్ బౌల్‌లలో రెండు జట్ల క్వార్టర్‌బ్యాక్‌లు పాట్రిక్ మహోమ్స్, జేలెన్ హర్ట్స్ ఇద్దరూ నల్లజాతి వారే.

దీనికి కారణం శరీర నిర్మాణమా, ఎవరైనా రాసిన నియమమా, లేక కోచ్‌ల అలవాటా? ఈ ప్రశ్న నాకు ఊరికే కలగలేదు. కబడ్డీ సెలక్షన్లలో ఏడో తరగతి పిల్లవాడు గీత దగ్గర నిలబడగానే, వాడు ఇంకా కూత మొదలుపెట్టకముందే, వీడు కార్నర్‌కు పనికివస్తాడు, వీడు రైడర్ అవుతాడు అని మేము అనేస్తుంటాం. ఆ మాటతో వాడి ఆట అయిదారేళ్లపాటు అదే దారిలో నడుస్తుంది. అటువంటి మాట వెనుక కొలత ఉందో, ముందే మనసులో ఉన్న అభిప్రాయం ఉందో తేల్చే పద్ధతి ఏదైనా ఆ దేశంలో కనుగొన్నారా అన్నది నాకు కావలసిన విషయం.

పటమట పాత కాపు (విజయవాడ) సమాధానం:

ఉపాధ్యాయుల వారికి నమస్కారం. నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు హ్యూస్టన్‌లో ఉండి, పదవీ విరమణ తరువాత పటమట చేరినవాణ్ణి. నాకు తెలిసినంతలో చెబుతాను, కొంచెం పొడుగవుతుంది, మన్నించండి.

రాసిన నియమం ఎన్నడూ లేదు. రాయని నియమాలు మాత్రం ఉండేవి. ఈ లీగ్ మొదలైన 1920లోనే ఫ్రిట్జ్ పొలార్డ్ అనే నల్లజాతి ఆటగాడు ఏక్రన్ జట్టులో ఆడి, మరుసటి ఏడు అదే జట్టుకు కోచ్ బాధ్యత కూడా పంచుకున్నాడు. అంటే ఆరంభంలో తలుపు పూర్తిగా మూసి లేదు. 1934 నుంచి 1945 దాకా మాత్రం లీగ్ మొత్తంలో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. 1946లో రామ్స్ జట్టు క్లీవ్‌లాండ్ నుంచి లాస్ ఏంజెలస్‌కు తరలివచ్చి, ప్రజాధనంతో కట్టిన కొలీజియం మైదానాన్ని అడిగినప్పుడు, నల్లజాతి పత్రికల విలేఖరులు పట్టుబట్టడంతో కెన్నీ వాషింగ్టన్‌ను, ఆ తరువాత వుడీ స్ట్రోడ్‌ను తీసుకోక తప్పలేదు. చిట్టచివరగా మారినది రాజధాని వాషింగ్టన్ జట్టు. వారి కొత్త స్టేడియం కేంద్ర ప్రభుత్వ భూమిలో ఉండడం వల్ల, అంతర్గత వ్యవహారాల మంత్రి స్టూవర్ట్ ఉడాల్ గట్టిగా ఒత్తిడి తెచ్చాక, 1962లో బాబీ మిచెల్ వంటివారు ఆ జట్టులో అడుగుపెట్టారు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడి నుంచి మొదలవుతుంది. జట్టులోకి ప్రవేశం దొరికింది గాని, లోపల ఎక్కడ నిలబడాలో జట్టే చెప్పేది. నల్లజాతి వారిని పరుగెత్తే స్థానాలకు, అంటే రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు), వైడ్ రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు), కార్నర్‌బ్యాక్ స్థానాలకు పంపి, క్వార్టర్‌బ్యాక్, అతని ముందు నిలబడి కాచే సెంటర్, గార్డ్, రక్షణను నడిపే మిడిల్ లైన్‌బ్యాకర్ వంటి మధ్య స్థానాలను శ్వేతజాతి వారికి అట్టిపెట్టేవారు. జాన్ లాయ్, జోసెఫ్ మెకల్‌వోగ్ అనే సమాజశాస్త్రజ్ఞులు 1970లో ఆటగాళ్ల జాబితాలను స్థానాల వారీగా లెక్కగట్టి ఈ తీరును చూపించారు. దీనికి అక్కడ స్టాకింగ్ అని పేరు. తోటివారితో ఎక్కువగా సమన్వయం చేయవలసిన, నిర్ణయాలు తీసుకోవలసిన స్థానాలు ఏవైతే ఉన్నాయో, వాటిలోనే నల్లజాతి వారు తక్కువగా ఉన్నారన్నది వారు తేల్చిన విషయం.

లెక్కల కన్నా ఒక మనిషి కథ ఈ సంగతిని బాగా చెబుతుంది. మార్లిన్ బ్రిస్కో ఒమాహా విశ్వవిద్యాలయంలో క్వార్టర్‌బ్యాక్‌గా రాణించినవాడు. 1968లో డెన్వర్ బ్రాంకోస్ జట్టు అతన్ని డ్రాఫ్ట్ (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) పద్నాలుగో రౌండ్‌లో, అదీ డిఫెన్సివ్ బ్యాక్‌గా, అంటే వెనుక వరుస రక్షకుడిగా ఎంపిక చేసుకుంది. తనను క్వార్టర్‌బ్యాక్‌గా మూడు రోజులు పరీక్షించి చూస్తామంటేనే ఒప్పుకుంటానని అతను షరతు పెట్టాడు. పరీక్ష అయితే జరిగింది గాని స్థానం దొరకలేదు. అసలు క్వార్టర్‌బ్యాక్‌కు మెడ దగ్గర ఎముక విరిగాక గాని అతనికి అవకాశం రాలేదు. ఆ ఏడు అతను 14 టచ్‌డౌన్ పాస్‌లు (ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు) వేశాడు. తొలి ఏడాది ఆటగాడిగా అది ఆ జట్టు రికార్డు, 2024లో బో నిక్స్ వచ్చేదాకా చెక్కుచెదరలేదు. ఇంత చేసినవాణ్ణి మరుసటి ఏడు క్వార్టర్‌బ్యాక్‌ల సమావేశాలకే పిలవలేదు. అతను ఆ జట్టును విడిచి బఫెలో చేరి, అప్పటిదాకా ఎన్నడూ ఆడని వైడ్ రిసీవర్ స్థానం నేర్చుకుని, 1972లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని మయామి డాల్ఫిన్స్ జట్టులో సభ్యుడయ్యాడు. అంతటి తెలివీ నేర్పూ ఉన్నవాడు కనుకనే కొత్త స్థానంలో నిలిచాడు. అదే తెలివిని పాత స్థానంలో వాడుకోనివ్వలేదు.

బ్రిస్కో ఒక్కడే కాదు. అదే 1968లో ఓక్లండ్ రైడర్స్ తొలి రౌండ్‌లోనే ఎంపిక చేసుకున్న క్వార్టర్‌బ్యాక్ ఎల్డ్రిడ్జ్ డికీని రిసీవర్‌గా మార్చారు. మరో నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ వారెన్ మూన్ ఇంకో దారి పట్టాడు. 1978 జనవరిలో రోజ్ బౌల్ అనే కళాశాలల పెద్ద మ్యాచ్‌లో తన కళాశాల జట్టును గెలిపించి, ఉత్తమ ఆటగాడిగా నిలిచినా, ఆ ఏడు ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో అతన్ని ఒక్క జట్టూ ఎంచుకోలేదు. స్థానం మార్చుకోవడం ఇష్టం లేక కెనడా వెళ్లి, ఎడ్మంటన్ జట్టుకు అక్కడి లీగ్ ట్రోఫీ అయిన గ్రే కప్‌ను వరుసగా అయిదుసార్లు గెలిపించి, 1984లో మా హ్యూస్టన్ ఆయిలర్స్‌కు వచ్చాడు. 2006లో ఈ ఆటలోని మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అతని ఆట గురించి హ్యూస్టన్‌లో మా ఆఫీసులోని పెద్దవాళ్లు చెప్పే మాటలు వింటే, అంతటివాడు ఆరేళ్లు పరాయి దేశంలో ఎందుకు ఉండవలసి వచ్చిందో అని ఆశ్చర్యం వేసేది.

ఇక 1988 జనవరి 31న సూపర్ బౌల్ ఆడి గెలిచిన వాషింగ్టన్ జట్టు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్ గురించి ఎంత చెప్పినా తక్కువే. గ్రాంబ్లింగ్ అనే నల్లజాతి కళాశాలలో ఎడ్డీ రాబిన్సన్ చేతిలో తయారైనవాడు. మ్యాచ్ రెండో క్వార్టర్ ఒక్కదానిలోనే నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేస్తే, వాషింగ్టన్ ఆ పదిహేను నిమిషాల ఆటలో 35 పాయింట్లు చేసి, చివరకు 42-10తో డెన్వర్‌ను ఓడించింది. అవును, ఇరవై ఏళ్ల ముందు బ్రిస్కోను పక్కన పెట్టిన అదే డెన్వర్.

కొరిటెపాడు ఇంజనీరు (గుంటూరు) సమాధానం:

చరిత్ర గురించి పెద్దలు రాసినదానితో నాకు పేచీ లేదు. కాని నేటి పరిస్థితికంతటికీ వివక్షే కారణమని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. కోట్ల డాలర్ల జీతాలు ఇచ్చే జట్టు యజమాని, గెలిపించగలవాణ్ణి రంగు చూసి వదులుకుంటాడా? కార్నర్‌బ్యాక్ అనేవాడు వెనక్కి పరుగెత్తుతూ, ముందుకు దూసుకువచ్చే రిసీవర్ అడుగును చూసి అప్పటికప్పుడు దిశ మార్చాలి. ఈ పనికి వేగం తప్పనిసరి, వేగాన్ని స్టాప్‌వాచీ కొలుస్తుంది, స్టాప్‌వాచీకి వర్ణం తెలియదు.

కిక్కర్ల సంగతి మరీ తేలిక. హంగరీ నుంచి వలస వచ్చిన పీట్ గొగొలాక్ 1964లో బఫెలో జట్టులో సాకర్ పద్ధతిలో పక్క నుంచి బంతిని తన్నడం మొదలుపెట్టాక, ఆ స్థానం సాకర్ ఆడి పెరిగినవారికి చేరింది. అమెరికాలో పిల్లల సాకర్ క్లబ్బులంటే డబ్బున్న శివారు కాలనీల వ్యవహారం. క్వార్టర్‌బ్యాక్ కావాలనుకునే పిల్లవాడికి కూడా ఇప్పుడు ప్రైవేటు కోచ్, వేసవి శిబిరాలు, ప్రయాణాలు అవసరం. కాబట్టి ఇందులో రంగు కన్నా తండ్రి జేబు ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం. మన విజయవాడలో టెన్నిస్ అకాడమీకి ఏ ఇళ్ల పిల్లలు వస్తారో, కబడ్డీకి ఏ ఇళ్ల పిల్లలు వస్తారో ఉపాధ్యాయుల వారికి తెలియనిది కాదు.

మొగల్రాజపురం అధ్యాపకురాలు (విజయవాడ) సమాధానం:

నేను డిగ్రీ కళాశాలలో సమాజశాస్త్రం బోధిస్తాను. ఇంజనీరు గారి వాదనలో డబ్బు గురించిన భాగం నాకు సమ్మతమే. స్టాప్‌వాచీ గురించిన భాగమే నిలబడదు.

శరీరమే కారణమైతే, శరీరం మారనంత కాలం ఫలితం కూడా మారకూడదు. 1968కీ 2023కీ మధ్య మనుషుల శరీరాలు మారలేదు, క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఉన్నవారు మాత్రం మారిపోయారు. మైకేల్ విక్ 2001లో డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక అయిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్. 2023లో మొదటి రెండు ఎంపికలు బ్రైస్ యంగ్, సి.జె. స్ట్రౌడ్ అయితే, 2024లో మొదటి రెండు ఎంపికలు కేలెబ్ విలియమ్స్, జేడెన్ డేనియల్స్. నలుగురూ నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లే. మారినది ఆటను చూసే కన్ను. కళాశాల జట్లలో క్వార్టర్‌బ్యాక్ తానే బంతితో పరుగెత్తే వ్యూహాలు ముందుగా వచ్చి, అవి గెలుపు తెస్తున్నాయని తెలిశాక ప్రొఫెషనల్ జట్లు వాటిని తెచ్చుకున్నాయి. అంతకుముందు క్వార్టర్‌బ్యాక్ పరుగెత్తగలడంటే, అతను రిసీవర్‌గా మారవలసినవాడు అనడానికి అదొక సాక్ష్యంగా వాడుకునేవారు.

గెలిపించగలవాణ్ణి ఎవరు వదులుకుంటారు అని ఇంజనీరు గారు అడిగారు. వదులుకున్నారు, అదీ మొన్న మొన్ననే. లామార్ జాక్సన్ 2016లో కళాశాల ఆటలో అత్యున్నతమైన హైస్మన్ ట్రోఫీ గెలిచిన క్వార్టర్‌బ్యాక్. 2018 డ్రాఫ్ట్‌కు ముందు, అనేక ఏళ్లు జట్లను నడిపిన బిల్ పోలియన్ వంటి అనుభవజ్ఞుడే అతన్ని రిసీవర్‌గా మారమని టీవీలో సలహా ఇచ్చాడు. పరుగు పందెంలో పాల్గొంటే తనను రిసీవర్‌గానే చూస్తారని గ్రహించి, జాక్సన్ ఆటగాళ్ల పరీక్షా శిబిరంలో నలభై గజాల పరుగే పెట్టలేదు. అంటే స్టాప్‌వాచీ చూపించే అంకెను అందరూ ఒకే విధంగా చదవరని అతనికి బాగా తెలుసు. తొలి రౌండ్‌లో నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లిపోయాక, ముప్ఫై రెండో ఎంపికగా బాల్టిమోర్ అతన్ని తీసుకుంది. 2019లో ఓటు వేసిన ప్రతి ఒక్కరూ అతనికే వేయగా లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు, 2023లో మళ్లీ అయ్యాడు.

ఈ వడపోత ఎదురు దిశలో కూడా పనిచేస్తుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. న్యూయార్క్ జెయింట్స్‌లో జేసన్ సీహార్న్ వెళ్లిపోయిన తరువాత చాలా కాలం శ్వేతజాతి కార్నర్‌బ్యాక్ కనబడడమే అరుదైపోయింది. కూపర్ డిజీన్ 2024లో ఫిలడెల్ఫియాకు వచ్చేముందు, కార్నర్‌గా నిలబడగలడా, సేఫ్టీగా (రక్షణ వెనుక వరుసలో కాపు కాసేవాడిగా) మార్చాలా అన్న చర్చ నడిచింది. అతను 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో, అదీ తన పుట్టినరోజున, మహోమ్స్ పాస్‌ను మధ్యలో అందుకుని టచ్‌డౌన్ చేశాడు. పన్నెండేళ్ల శ్వేతజాతి కుర్రవాడు వేగంగా పరుగెత్తినా, కార్నర్ తన స్థానం కాదని టీవీ చూసే అనుకుంటాడు. బడి జట్టు కోచ్ కూడా అదే టీవీ చూస్తాడు.

ఉపాధ్యాయుల వారు కొలతకూ అభిప్రాయానికీ తేడా తేల్చే పద్ధతి అడిగారు. నాకు తెలిసిన మంచి ఉదాహరణ 1967 నాటి కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టు. మిడిల్ లైన్‌బ్యాకర్ రక్షణ పంక్తికి మెదడు వంటివాడని, అందుకు నల్లజాతి వాడు పనికిరాడని ఆనాడు అనుకునేవారు. కోచ్ హాంక్ స్ట్రామ్ ఆ ఏడు రెండో రౌండ్‌లో ఇద్దరిని తీసుకున్నాడు: పేరున్న నోటర్ డామ్ కళాశాల నుంచి జిమ్ లించ్, నల్లజాతి కళాశాల అయిన మోర్గాన్ స్టేట్ నుంచి విల్లీ లానియర్. ఒకే స్థానానికి ఇద్దరినీ పోటీకి నిలబెట్టాడు. లానియర్ గెలిచాడు, లించ్ పక్క స్థానానికి మారి అక్కడ చక్కగా ఆడాడు, 1970 జనవరిలో ఆ జట్టు సూపర్ బౌల్ గెలిచింది. ముందు పోటీ పెట్టి ఆ తరువాత పేరు రాయడమే ఇందులో ఉన్న పద్ధతి. ఇంతకన్నా గొప్ప పరికరం ఏదీ అవసరం లేదు.

కొరిటెపాడు ఇంజనీరు:

లానియర్ విషయం నాకు తెలియదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. క్వార్టర్‌బ్యాక్ స్థానం వరకు మీ వాదన బలంగానే ఉంది. కిక్కర్ల విషయంలో మాత్రం నా మాట నాదే. అక్కడ అడ్డు పడుతున్నది కోచ్ అభిప్రాయం కాదు, సాకర్ క్లబ్బు రుసుము.

బ్రాడీపేట పి.ఇ.టి.:

అందరికీ ధన్యవాదాలు. నాకు మరో సందేహం. కొందరు ఆటగాళ్ల హెల్మెట్ వెనుక చిన్న ఆకుపచ్చ చుక్క కనిపిస్తుంది. దానికీ, మీరు చెబుతున్న మధ్య స్థానాలకూ సంబంధం ఉందా? ఆడే రోజుల్లో వచ్చిన ఈ విభజన, ఆట మానాక కోచ్ పదవుల దాకా వెళుతుందా?

పటమట పాత కాపు:

బాగా గమనించారు. ఆ చుక్క ఉన్న హెల్మెట్‌లో రేడియో ఉంటుంది. 1994 నుంచి క్వార్టర్‌బ్యాక్‌కు, 2008 నుంచి రక్షణ వైపు ఒక్క ఆటగాడికి కోచ్ మాట నేరుగా వినబడుతుంది. రక్షణ వైపు అది సాధారణంగా మిడిల్ లైన్‌బ్యాకర్‌కు దక్కుతుంది. ఎత్తుగడకు ఉన్న గడియారంలో పదిహేను సెకన్లు మిగిలేసరికి ఆ రేడియో ఆగిపోతుంది. ఆపైన ఎదుటివారి బారు చూసి ఎత్తుగడ మార్చడమా, మానడమా అన్నది ఆ ఆటగాడి బుర్ర మీదే ఆధారపడి ఉంటుంది. లాయ్, మెకల్‌వోగ్ 1970లో మధ్య స్థానాలని గుర్తించినవాటిలో ముఖ్యమైన రెండింటికే లీగ్ తరువాతి కాలంలో వైర్‌లెస్ అమర్చిందన్నమాట.

కోచ్ పదవుల దాకా తప్పకుండా వెళుతుంది. క్వార్టర్‌బ్యాక్ అయినవాడు జట్టు వ్యూహమంతా కంఠస్థం చేస్తాడు, రోజూ కోచ్‌ల గదిలో కూర్చుంటాడు, ఆట మానాక క్వార్టర్‌బ్యాక్ కోచ్, ఆపైన అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడి వైపు వ్యూహాలు చూసే కోచ్), ఆపైన హెడ్ కోచ్ అవుతాడు. ఆ మెట్ల వరుస మొదటి మెట్టు దగ్గరే కొందరిని పక్కకు తప్పిస్తే పై మెట్టు మీద వారు కనబడరు. లీగ్ ఆటగాళ్లలో సగానికి పైగా నల్లజాతి వారే అయినా, పొలార్డ్ తరువాత మళ్లీ ఒక నల్లజాతి హెడ్ కోచ్ రావడానికి 1989 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడు రైడర్స్ జట్టు ఆర్ట్ షెల్‌కు పదవి ఇచ్చింది. హెడ్ కోచ్ పదవి ఖాళీ అయినప్పుడు అల్పసంఖ్యాక వర్గాల నుంచి కనీసం ఒక్కరినైనా ఇంటర్వ్యూ చేయాలన్న రూనీ నియమం 2003లో వచ్చింది. నియమం ఇంటర్వ్యూకే గాని ఉద్యోగానికి కాదు కనుక, ముందే మనిషిని ఖాయం చేసుకుని పేరుకు ఇంటర్వ్యూ జరిపారన్న ఆరోపణతో బ్రయాన్ ఫ్లోరెస్ అనే కోచ్ 2022 ఫిబ్రవరిలో లీగ్ మీద దావా వేశాడు.

ఈ రెండు సంగతులూ ఒక్క మనిషిలో కలిసినది టోనీ డంజీ విషయంలో. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన డంజీని 1977 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తీసుకుని సేఫ్టీగా మార్చింది. అదే ఏడు హ్యూస్టన్‌తో ఆడిన మ్యాచ్‌లో జట్టు క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరూ గాయపడితే, దిక్కులేక డంజీనే ఆ స్థానంలో నిలబెట్టారు. దానితో ఒకే మ్యాచ్‌లో ప్రత్యర్థి పాస్‌ను తాను పట్టుకోవడం, తన పాస్‌ను ప్రత్యర్థి పట్టుకోవడం రెండూ జరిగిన విచిత్రమైన రికార్డు అతని పేరిట మిగిలింది. ఆటగాడిగా అతని కాలం త్వరగానే ముగిసింది. రక్షణ వైపు కోచ్‌గా మెట్టు మెట్టు ఎక్కి, ఇండియానాపొలిస్ కోల్ట్స్ హెడ్ కోచ్‌గా 2007 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. ఆ ఘనత సాధించిన తొలి నల్లజాతి హెడ్ కోచ్ అతనే. ఆనాడు ఎదుటి చికాగో జట్టు కోచ్ లవీ స్మిత్ కూడా నల్లజాతి వాడే, పైగా అంతకుముందు డంజీ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడే.